ప్యాలాల అల్లుడు

మొన్న ఆదివారం మా ఇంటామె దేవరకొండ బజారు నుంచి ఒక పొట్లం తెచ్చింది. కుక్కర్లో పోస్తే మూడు నిమిషాల్లో పాప్‌కార్న్ అవుతుందని దాని మీద బొమ్మ వేసి మరీ రాశారు. అద్దాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది కనుక వెనకవైపున్న చీమల బారు లాంటి అక్షరాలను నన్ను చదవమంది. నేను కిటికీ దగ్గరికి పోయి, పొట్లాన్ని చేయంత దూరంలో పట్టుకుని, పంచాయితీలో తీర్పు చదివినట్టు చదివాను. విజిల్ తీసేయాలి, మూత బిగించకూడదు, మంట మరీ పెద్దగా ఉండకూడదు. ఆఖరి వాక్యం ఇది: పేలే చప్పుళ్ల మధ్య రెండు సెకన్ల ఎడం రాగానే పొయ్యి కట్టేయాలి. అది చదివి నేను ఆగిపోయాను. కుక్కర్ చేతిలో పట్టుకుని ఆమె కూడా ఆగిపోయింది. "అమ్మ ఉంటె ఏమంటుండెనో" అంది. మా అత్త ఏమనేది? "గీ ముచ్చట గూడ కాయితం జూసి నేర్చుకోవాల్నా" అనేది. అయితే ఆ మాట నాతో కాదు, మేకతో అనేది.

మేక సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నేను ఇల్లరికం వచ్చినవాణ్ని. మాది హాలియా వైపు, సాగర్ కాలువ కింద వరి పండే ఊరు. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాణ్ని. పొలం పంచితే నా వంతుకు గట్టు మాత్రమే మిగిలేలా ఉందని తెలిసి మోటర్ల వైండింగ్ పని నేర్చుకున్నాను. చేతిలో ఆ పని ఉందనే, కొడుకులు లేని మా అత్త తన ఒక్కగానొక్క బిడ్డను నాకిచ్చి నన్ను ఇంటికి తెచ్చుకుంది. మామ అప్పటికే లేడు. దేవరకొండకు బస్సులో పావుగంట దూరం, వాకిట్లో నిలబడితే కోట గుట్ట కనబడే చిన్న పల్లె. ఎర్రనేల, రాళ్లు, రెండు మేకలు, వాన పడితే పంట, లేకపోతే లేదు. కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ని కదా, జొన్నలంటే నాకు కోళ్లకు చల్లే గింజలు. వచ్చిన మొదటి రోజే పళ్లెంలో జొన్నరొట్టె పెడితే నన్ను కోళ్లలో జమకట్టారేమో అనుకున్నాను. ఇల్లరికం వచ్చినవాడి మనసు అట్లాగే ఉంటుంది లెండి. ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారనుకుంటాడు.

మా వైపు కంటే ఆ పల్లెలో అత్తా అల్లుళ్ల కట్టుబాటు ఎక్కువ. అత్త అల్లుడికి ఎదురు పడకూడదు. పడితే కొంగు ముందుకు లాక్కోవాలి. అతని ముఖంలోకి చూడకూడదు, అతనితో నేరుగా మాట్లాడకూడదు. పండుగకు వచ్చి రెండు రోజులుండి పోయే అల్లుడికి ఇదంతా మర్యాద. ఒకే కప్పు కింద బతికే నాకు అది నిత్య వ్యవహారం. బిడ్డ ఇంట్లో ఉంటే బిడ్డ ద్వారా నడిచేది. బిడ్డ కలుపుకో పత్తి ఏరడానికో పోతే మేక ద్వారా నడిచేది. "ఏమే, ఇంట్ల ఉప్పు ఒడిసింది. దేవరకొండకు పొయ్యెటోల్లు తేవద్దా?" అని మేకను అడిగేది. "తెస్తరంటనే" అని నేనూ మేకకే చెప్పేవాణ్ని. మేక ఇద్దరికీ తల ఊపేది. మధ్యలో ఆ మేకను అమ్మేశారు, దాని పిల్ల వచ్చింది, దాని పిల్ల పిల్ల వచ్చింది. చేసే ఉద్యోగం మాత్రం మారలేదు. ఇరవై ఏళ్లు దాటినా మా అత్త మాట నా పక్క నుంచి పోయిందే తప్ప నా మీదికి రాలేదు. ప్రేమ లేక కాదు. నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి, గడప ఇవతల పెట్టి, "వానల తిరిగితె జరం రాదా, తెల్వదా" అని మేకను తిట్టేది.

తొలి ఏకాదశికి పేలపిండి తినడం మా వైపూ ఉంది గానీ, మేము పేలాలు అంగట్లో కొనేవాళ్లం. ఈ పల్లెలో వాటిని ప్యాలాలంటారు, ప్యాలాలంటే మా అత్త. పండుగ పొద్దున ఇరవై ఇండ్ల ఆడవాళ్లు చిన్న చిన్న మూటల్లో తమ జొన్నలు తెచ్చి మా వాకిట్లో వరసగా పెట్టేవాళ్లు. ఏ మూట ఏ ఇంటిదో గుడ్డను బట్టి అత్తకు తెలుసు. ముందురోజే వాళ్లు గింజల మీద గోరువెచ్చని నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పి, తరువాత నీడకు ఆరబెట్టి తేవాలి. "పైన తడి ఉంటె ఇసుక అంటుకుంటది, లోన తడి లేకుంటె పేలదు" అనేది. గుప్పెట్లోకి గింజలు తీసుకుని పిసికి చూసి, తొందరపడి తెచ్చినవాళ్లను మొహమాటం లేకుండా వెనక్కి పంపేది. వాకిట్లో రేకుల కింద మూడు రాళ్ల పొయ్యి. దాని మీద మంగలం, అంటే గింజలు వేయించడానికి వాడే వెడల్పు మూతి మట్టిపాత్ర. అందులో మూడుసార్లు జల్లించిన వాగు ఇసుక. ఇసుక కాగిందో లేదో ఒక్క గింజ వేసి చూసేది. అది వెంటనే పేలితే, దోసెడు గింజలు పోసి ఈత పుల్లల కట్టతో గిరగిరా తిప్పేది.

ఇక్కడి దాకా ఎవరైనా చేస్తారు. అసలు విద్య చెవిది. మొదట ఒక గింజ పేలుతుంది, ఆగి ఇంకొకటి. తరువాత ఒక్కసారిగా రేకుల మీద వాన. ఆ వాన సన్నగిల్లి, చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం వస్తుంది. ఆ ఎడంలోనే మంగలాన్ని గుడ్డలతో పట్టి జల్లెడలోకి వంపాలి. ఇసుక కిందికి జారిపోతుంది, తెల్లటి ప్యాలాలు పైన నిలుస్తాయి. అప్పటికి పేలనివి కొన్ని ఉంటాయి. వాటి కోసం ఆశపడి ఆగితే పేలినవి మాడతాయి. కళ్లతో చూసి దించుదామంటే కుదరదు. పేలినవి పైన కప్పేస్తాయి, అడుగున ఏమవుతున్నదో కనబడదు, పైగా పొగ. వాసన వచ్చేసరికి ఎట్లాగూ ఆలస్యమే. అందుకని మా అత్త మంగలం వైపు చూసేదే కాదు. పక్కింటి దర్జీ భార్యతో ఊరి సంగతులన్నీ చెబుతూ, సరిగ్గా ఆ ఎడం దగ్గర మాట ఆపి, వంపి, ఆపిన చోటే మళ్లీ అందుకునేది. నేను మోటర్లవాణ్ని. స్విచ్చి వేయగానే వచ్చే చప్పుడును బట్టి బేరింగు పోయిందో, తీగ కాలిందో చెప్పగలను. చెవి విలువ నాకు తెలుసు. పొయ్యి ముందు ఆమెను చూసినప్పుడల్లా నాకు పని నేర్పిన ఉస్తాద్ గుర్తొచ్చేవాడు.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఆషాఢంలో, పండుగకు పది రోజుల ముందు, అలవాటు ప్రకారం అత్త కొన్ని గింజలతో పొయ్యిని పరీక్ష చేసింది. ప్యాలాలు మాడాయి. జల్లెడలో అన్నీ కాఫీపొడి రంగు. అత్త వాటిని కాసేపు చూసి, జొన్నలు బాగాలేవని తేల్చింది. మందు కొట్టి పండించిన జొన్నలు ఎట్లా పేలుతాయని మేకను నిలదీసింది. మా ఇంటామె వేరే ఇంటి నుంచి వేరే జొన్నలు తెచ్చింది. అవీ మాడాయి. అప్పుడు తప్పు ఇసుకది అయింది. "వాగుల ట్రాక్టర్లు దిగి ఇసుక ఖరాబయింది. మంచి ఇసుక యాడనన్న దొరకదా?" అంది మేకతో. నేను గోనెసంచి వేసుకుని స్కూటర్ మీద మూడు ఊళ్లు దాటి ఇంకో వాగుకు పోయాను. సంచి నింపుతుంటే గట్టు మీద ఒకాయన ఆపి, ఇసుక ఎత్తుకుపోతున్నావా అని గద్దించాడు. "ప్యాలాలకండి" అన్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "దొంగతనం చేసెటోడు జర మంచి అబద్ధం నేర్చుకోవాలె" అన్నాడు. ఆ ఇసుకతోనూ మాడాయి. తరువాత కొత్త మంగలం వచ్చింది, తరువాత కట్టెలు మారాయి. ఏదీ మిగలక చివరికి మేకది పాడు దిష్టి అని దాన్ని దొడ్డి వెనక్కి కట్టేయించింది. పాపం దానికేం తెలుసు!

ఐదోసారి కూడా మాడేసరికి మా ఇంటామెకు ఓపిక పోయింది. తల్లి ముందే, ఆమెకు ఎప్పుడూ ఉండే పెద్ద గొంతుతో అనేసింది: "ఇగ చాలమ్మా! ఈపాలి ఎవ్వరి గింజలు పట్టద్దు. ఇరవై ఇండ్ల గింజలు మాడవెడితె మనకు ఊర్ల మొఖం ఉంటదా? అంగట్ల కొనుక్కోమని చెప్త." అత్త ఆ రోజు అన్నం తినలేదు. చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఈత పుల్లల కట్టను విప్పుతూ, మళ్లీ కడుతూ ఉంది. డెబ్బై దాటిన మనిషి. చేను పనికి పోవడం మానేసి చాలా ఏళ్లయింది. మోకాళ్లు పోయాయి. ఇంట్లో ఏ పని ముట్టుకున్నా, నువ్వు ఊరుకో అంటూ బిడ్డ లాగేసుకునేది. ఊరంతా తన వాకిట్లోకి వచ్చి తన చేయి కోసం ఎదురుచూసే రోజు ఏడాదిలో అదొక్కటే. అది కూడా పోతే ఆమెకు మిగిలేది ఏమిటి? నాకు చాలా కష్టమనిపించింది. ఇంట్లో తన కుర్చీ ఏదో తెలియని మనిషి బాధ ఏమిటో ఇల్లరికపువాడికి ఒకరు చెప్పాలా!

పండుగ రెండు రోజులుందనగా, దేవరకొండలో నా వైండింగ్ షాపు దగ్గర లైను బాగుచేస్తూ కరెంటు తీసేస్తే, ఒక రైతు మోటరును ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టి తిప్పి చూశాను. బేరింగు పూర్తిగా పోయింది. అది చేసిన కేకకు మేకలు పలుపులు తెంపుకున్నాయి. పక్కింటి దర్జీ కుట్టు ఆపి, సూది నోట్లో పెట్టుకునే బయటికి పరిగెత్తుకొచ్చాడు. మా అత్త నాకు రెండు బారల దూరంలో, నావైపు వీపు పెట్టి, చేటలో జొన్నలు ఏరుతూ కూర్చుంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది. మోటరు అరుస్తూనే ఉంది, ఆమె తీస్తూనే ఉంది. ఒక మేక ఆమె ముందు నుంచి దూకి పారిపోతే అప్పుడు తలెత్తి, దీనికేమొచ్చిందే అన్నట్టు చూసింది. నేను స్విచ్చి ఆపేశాను. ఆపిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

వాకిట్లో అట్లాగే నిలబడిపోయాను. తప్పు జొన్నలది కాదు, ఇసుకది కాదు, మేకది అసలే కాదు. ఆ ఎడం ఆమెకు వినబడటం లేదు. ఇంత కాలం ఇంట్లో ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, బిడ్డది ఎట్లాగూ ఊరికి వినబడే గొంతు, దర్జీ భార్యతో ఎప్పుడూ మాట్లాడేది అత్తే, వినేది ఆమె. ఇక నా సంగతి చెప్పేదేముంది. నా మాటకు ఆమె తిరిగి చూడదు, జవాబు చెప్పదు, అది మర్యాద. మర్యాద చాటున చెవుడు ఎప్పుడు వచ్చి కూర్చుందో నేను గుర్తుపట్టలేదు. "తెస్తరంటనే" అని నేను చెప్పిన మాటలు ఎన్నాళ్లుగా మేక ఒక్కటే వింటున్నదో! ఒక విషయం మాత్రం తెలిసిపోయింది. ఇంటామెకు తెలియకపోవచ్చు గానీ, అత్తకు తన చెవుల సంగతి తెలుసు. తెలుసు కనుకే తప్పును ఇసుక మీద, మంగలం మీద పెట్టింది. చెవిటిదాని పొయ్యి దగ్గరికి ఎవరు గింజలు తెస్తారని ఆమె భయం.

ఏం చేయాలో తోచలేదు. ఇంటామెకు చెబితే తల్లి మీద ప్రేమకొద్దీ ఆ గొంతుతో వెంటనే నలుగురికీ చెబుతుంది, మధ్యాహ్నానికి పల్లెంతా తెలుస్తుంది, పొయ్యి ఆరిపోతుంది. చెప్పకపోతే ఇరవై ఇండ్ల పండుగ మాడిపోతుంది. నేనే అత్తను అడుగుదామంటే నోరు రాదు. మేక ద్వారా అడిగితే మేకకు వినబడుతుంది గానీ ఆమెకు వినబడదు. చివరికి ఇంటామెను బతిమాలాను. ఈ ఒక్కసారి గింజలు పట్టనివ్వు, మొదటి రెండు వాయిలు మాడితే అప్పుడు ఆపుదాం, ఆ రోజు షాపు మూసి నేనూ ఇంట్లోనే ఉంటాను అన్నాను. షాపు మూస్తాననేసరికి ఆమె నా నుదురు ముట్టి చూసింది. "జరమేమన్న వచ్చిందా?" అంది.

పండుగ పొద్దున మూటలు వరసగా చేరాయి. పొయ్యికి ఎదురుగా, అత్తకు కనబడేలా నిలబడి, చప్పుడు తగ్గగానే భుజం మీది తువ్వాల దులపాలని నా ఉపాయం. కానీ నేను వాకిట్లో నిలబడటం చూసి అత్త మర్యాదగా కొంగు లాక్కుని, పీట తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. నేను అటు పోతే ఆమె ఇటు తిరిగింది, ఇటు వస్తే అటు తిరిగింది. మొదటి వాయి మాడింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దర్జీ భార్య మెల్లగా జల్లెడ తీసుకుని, "అక్కా, ఫికర్ చెయ్యకు, మొదటి వాయి పొయ్యికే పోతది" అంటూ వాటిని పక్కకు పోసింది. ఇంటామె గుమ్మంలోంచి నావైపు చూసింది. ఇంకొక్క వాయి మాత్రమే ఉంది.

అప్పుడు నేను ఆ ఊళ్లో ఏ అల్లుడూ చేయని పని చేశాను. పోయి పొయ్యికి అవతల, అత్తకు సరిగ్గా ఎదురుగా, నేల మీద చతికిలబడ్డాను. ఒకామె "అయ్యో!" అని నోటి మీద చేయి వేసుకుంది. అత్త పీట తిప్పుకుందామంటే ఒక పక్క కట్టెలు, ఒక పక్క మూటలు, జాగా లేదు. కొంగు ముక్కు దాకా లాక్కుంది. ఇక ఆమెకు కనబడేదల్లా మంగలం, నేల, నా చేతులు. నేను భుజం మీది ఎర్రగళ్ల తువ్వాల తీసి ఇద్దరి మధ్య నేల మీద పరిచాను. ఆమె గింజలు పోసింది, పుల్లల కట్ట తిప్పింది. వాన మొదలైంది, జోరందుకుంది, సన్నబడింది. ఎడం రాగానే తువ్వాల చటుక్కున తీసి భుజం మీద వేసుకున్నాను. కొంగు కింద ఆమె తిప్పడం ఆపింది. ఒక్క క్షణం. తరువాత మంగలం లేచి జల్లెడలోకి వంగింది. తెల్లటి ప్యాలాలు! ఆమె వాటిని చూసింది, నేల మీద నా చేతులను చూసింది. నేను మళ్లీ తువ్వాల పరిచాను. ఆమె మళ్లీ దోసిలి నింపింది. మూడో వాయి నుంచి మా ఇద్దరికీ ఒక్క గింజ కూడా తేడా రాలేదు.

ఇరవై ఇండ్ల గింజలు అయ్యేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి, కళ్లు పొగకు చింతనిప్పులయ్యాయి. పైగా వేళాకోళం. "ఏందయ్యా అల్లుడా, ప్యాలాల మీద గింత ఆశనా?" అని ఒకామె. "షాపు బంద్ వెట్టి పొయ్యి కాడ కూసున్నడు, ఇంట్ల పెండ్లాం తిండి పెడ్తలేదా?" అని ఇంకొకామె. దర్జీ భార్య అందరికంటే ఎక్కువ నవ్వించింది. ఆ రోజు నుంచి ఊళ్లో నా పేరు ప్యాలాల అల్లుడు. మోటరు బాగుచేయించుకునే రైతులు కూడా, ప్యాలాల అల్లుడి షాపు ఎక్కడ అని అడిగేదాకా పోయింది. నాకు మొదట్లో మంటగానే ఉండేది. కానీ ఆ సాయంత్రం బెల్లం, యాలకులు వేసి దంచిన పిండి గిన్నె గడప మీదికి వచ్చింది. ఎప్పుడూ ఒక గరిటె ఉండేది, ఆ రోజు గిన్నె నిండా ఉంది. అత్త మేకతో కూడా ఏమీ అనలేదు.

తరువాత రెండేళ్లూ అదే నడిచింది. నేను కూర్చోవడం, తువ్వాల పరచడం, ఊరు నవ్వడం. ఆ మరుసటి ఏడు మాత్రం వానలు మొహం చాటేశాయి. పండుగ పొద్దున్నే ఒక రైతు వచ్చి, బోరులో మోటరు ఇరుక్కుందని, పత్తి మొలకలు మాడిపోతున్నాయని కాళ్లా వేళ్లా పడ్డాడు. గంటలో వస్తానని పోయాను. మోటరు సగం పైకి వచ్చాక దాన్ని లాగే గొలుసు పట్టేసింది. అట్లా వేలాడుతుంటే వదిలి రావడం కుదరదు. ఇంటామె మూడుసార్లు ఫోన్ చేసింది. "అమ్మ పొయ్యి ముట్టిస్తలేదు. గాలి మంచిగ లేదంటది, కట్టెలు పచ్చిగున్నయంటది. ఆడోల్లంత కూసున్నరు. నువ్వు జల్ది రా" అంది. నేను వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఒంటి నిండా గ్రీజు, బురద. వాకిట్లో మూటలు పొద్దున పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అత్త చల్లటి పొయ్యి ముందు పీట మీద కూర్చుని దారి వైపు చూస్తోంది.

నన్ను చూసింది. కొంగు లాక్కోలేదు. ఆమె ముఖం అంత సూటిగా, అంత సేపు నేను చూడటం అదే మొదటిసారి. పెళ్లినాడు కూడా చూడలేదు. "వచ్చినవా బిడ్డా" అంది. వెనక మేకేమైనా ఉందేమోనని నేను తిరిగి చూశాను. లేదు, నన్నే. "కూసో. నాకు చెవులు ఇనబడ్తలెవ్వు. నువ్వు కూసోకుంటె నాతోటి కాదు." ఇరవై మంది ముందు అంది. మూడేళ్లుగా ఇసుక మీద, గాలి మీద పెట్టి దాచిన మాటను, జన్మంతా పట్టుకున్న కట్టుబాటును, రెంటినీ ఒకేసారి అందరి ముందు దించేసింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. గ్రీజు చేత్తోనే తుడుచుకున్నాను.

అప్పుడు దర్జీ భార్య లేచి, అత్త చెవి దగ్గర నోరు పెట్టి, వీధికి వినబడేలా అరిచింది: "మాకెరుకే అక్కా! మొదటేడు సంది ఎరుకే! ఆయన తువ్వాల లేపంగనే నువ్వు వంపుతవు. నీకు చెవులు లేకుంటె మాకు కండ్లు లెవ్వా?" వాకిలి గొల్లుమంది. అత్త కూడా నవ్వింది, పళ్లు లేని నోరంతా తెరిచి. నేను ఇంటామె వైపు చూశాను. ఆమె మూటల ముళ్లు విప్పుతున్నట్టు నటిస్తోంది, ఆమెకూ తెలుసు. ఊరంతా తెలిసే గింజలు తెచ్చారు. తెలిసే నన్ను ప్యాలాల అల్లుణ్ని చేసి నవ్వారు, ఆ నవ్వులో ఆమె సంగతి ఎవరి నోటా రాకూడదని. ఊరు నన్ను ఎగతాళి చేస్తోందని మూడేళ్లు లోపల కుమిలినవాణ్ని, ఆ వాకిట్లో నాకంటే తెలివితక్కువవాడు ఎవరూ లేరని ఒప్పుకోక తప్పలేదు. నేల మీద కూర్చుని తువ్వాల పరిచాను. ఆ రోజు చివరి మూట అయ్యేసరికి పొద్దు గూకింది. పిండి గిర్ని మూసేస్తే అందరూ ఇండ్లల్లోనే దంచుకున్నారు.

ఆ తరువాత ఇంటామె తల్లిని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి చెవి మిషన్ పెట్టించింది. అత్త దాన్ని రెండు రోజులు పెట్టుకుని, "ఊరంత వచ్చి చెవుల కూసున్నట్టున్నది" అని తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. పెళ్లిళ్లకు పోయేటప్పుడు మాత్రం నగలాగా పెట్టుకునేది. ఇంకో రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లూ నాతో ఆపకుండా మాట్లాడింది. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని మామ సంగతులు చెప్పేది, తను పదమూడేళ్లకు ఆ ఇంటికి వచ్చిన రోజు చెప్పేది, కరువులో ఏం తిన్నారో చెప్పేది, నన్ను ఇల్లరికం తెచ్చుకున్నప్పుడు ఊరు ఏమందో, తను వాళ్లకు ఏమని జవాబిచ్చిందో చెప్పేది. నాకు అడగాలనిపించినవి చాలా ఉండేవి. అరిచి అడిగితే ఏదో ఒకటి అనుకుని నవ్వి, తల ఊపి, ఇంకో సంగతి ఎత్తుకునేది. వినగలిగిన ఇరవై ఏళ్లూ మేము మాట్లాడుకోలేదు. మాట్లాడుకునే కాలం వచ్చేసరికి ఆమెకు నా మాట వినబడలేదు.